సంతకాలతో అణుబాంబు ఆగుతుందా? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో కొవ్వాడ అణువిద్యుత్ కేంద్రం గురించి ఒక పాఠకుడికి జవాబిస్తూ, చివర్లో "అణ్వాయుధాలు మరిన్ని దేశాలకు పాకకుండా దౌత్య ఒప్పందాలు చాలావరకు ఆపగలిగాయి" అని ఒక వాక్యం రాశాను. అసలు జవాబు కంటే ఆ వాక్యం మీదే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. వాటిలో చాలా భాగం విజయవాడ, గుంటూరు, తెనాలి నుంచే. కొందరు ఒప్పుకోలేదు, కొందరు కోప్పడ్డారు, కొందరు వివరంగా చెప్పమని అడిగారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: అణ్వాయుధ వ్యాప్తి నిరోధక ఒప్పందం (ఎన్‌పీటీ) వచ్చి యాభై ఏళ్లు దాటింది. అయినా మనమూ, పాకిస్తానూ, ఇజ్రాయెలూ, ఉత్తర కొరియా బాంబులు తయారుచేసుకున్నాం. బలమున్నవాడు బాంబు చేసుకుంటాడు, లేనివాడు సంతకం పెడతాడు. ఇందులో ఒప్పందం ఆపిందేమిటి?
– విశ్రాంత ఉపాధ్యాయులు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మాస్టారూ, మీరు చెప్పిన నాలుగు పేర్లలో దేన్నీ కాదనలేను. కాని ఆ రోజుల్లో ప్రపంచం వేసుకున్న అంచనాను కూడా పక్కన పెట్టుకుని చూడాలి. 1963 మార్చిలో అమెరికా అధ్యక్షుడు కెనెడీ విలేకరులతో మాట్లాడుతూ, 1970 నాటికి అణ్వాయుధ దేశాలు పది అవుతాయేమోననీ, 1975 నాటికి పదిహేనో ఇరవయ్యో అవుతాయేమోననీ తనను భయం వెంటాడుతోందని అన్నాడు. అప్పటికి బాంబు ఉన్నది నాలుగు దేశాల దగ్గరే. చైనా మరుసటి ఏడాది పేల్చింది. ఆ తరువాత అరవై ఏళ్లు గడిచినా, అణువిజ్ఞానం ఎన్నో దేశాల విశ్వవిద్యాలయాలకు చేరినా, ఈనాటి లెక్క తొమ్మిది దగ్గరే ఉంది. అందులో ఇజ్రాయెల్ తన దగ్గర బాంబు ఉన్నట్టు ఇంతవరకు బహిరంగంగా ఒప్పుకోలేదు.

లేనివాడే సంతకం పెడతాడన్న మాటతో నేను ఏకీభవించలేను. జపాన్, జర్మనీ, స్వీడన్ లేనివాళ్లా? స్వీడన్ బాంబు తయారీ పరిశోధనలో చాలా దూరం వెళ్లి, 1960లలో దాన్ని వదులుకుని 1968లో ఒప్పందం మీద సంతకం చేసింది. దక్షిణ కొరియా 1970లలో ఫ్రాన్స్ నుంచి, బాంబుకు పనికివచ్చే ప్లుటోనియాన్ని వాడిన ఇంధనంలోంచి వేరుచేసే కర్మాగారం కొనబోయింది. అమెరికా ఒత్తిడితో ఆ బేరం రద్దయింది, 1975లో ఆ దేశం ఒప్పందాన్ని ఆమోదించింది. తైవాన్‌ను కూడా అమెరికాయే ఆపింది. ఇక్కడ పనిచేసింది కాగితమా, ఒత్తిడా అని మీరు అడగవచ్చు. రెండూ పనిచేశాయి. అమెరికా సైనిక రక్షణ ఉందన్న ధైర్యం, అది పోతుందేమోనన్న భయం లేకపోతే సియోల్ వెనక్కి తగ్గేది కాదు. అయితే ఆ ఒత్తిడిని దేని పేరు మీద తేవాలో, వెనక్కి తగ్గినవాడు పరువు పోకుండా దేనిలో చేరాలో చూపించింది మాత్రం ఒప్పందమే.

ఈ విషయంలో అర్జెంటీనా, బ్రెజిల్ కథ మన పాఠకులకు మరింత తెలియాలని నా కోరిక. రెండూ ఇరుగుపొరుగు దేశాలు, రెండింటిలోనూ సైనిక ప్రభుత్వాలు ఉండేవి, రెండూ ఎన్‌పీటీని వివక్షతో కూడిన ఒప్పందమని మనలాగే తిరస్కరించాయి, రెండూ రహస్యంగా యురేనియం శుద్ధి మొదలుపెట్టాయి. 1980లలో పౌర ప్రభుత్వాలు వచ్చాక ఒకరి అణుకేంద్రాలను మరొకరికి చూపించుకోవడం మొదలైంది. 1991లో రెండు దేశాలూ కలిసి ఒక ఉమ్మడి తనిఖీ సంస్థను పెట్టుకున్నాయి. బ్రెజిల్ కేంద్రాలను అర్జెంటీనా తనిఖీదారులు, అర్జెంటీనా కేంద్రాలను బ్రెజిల్ తనిఖీదారులు పరిశీలించే ఏర్పాటు అది. ఎన్‌పీటీలో చేరడం ఆ తరువాతి మాట: అర్జెంటీనా 1995లో, బ్రెజిల్ 1998లో. బ్రెజిల్ చేరిన ఆ 1998లోనే మనమూ పాకిస్తానూ పోటాపోటీగా పరీక్షలు జరిపాం.

ఇక దక్షిణాఫ్రికా ఏకంగా ఆరు బాంబులు తయారుచేసుకుని, వాటిని తానే విప్పేసి, 1991లో ఒప్పందంలో చేరింది. అధ్యక్షుడు డి క్లర్క్ ఆ సంగతిని 1993 మార్చిలో పార్లమెంటులో ప్రకటించాడు. తయారుచేసుకున్న బాంబులను పూర్తిగా వదులుకున్న దేశం అదొక్కటే.

మీ ఉత్తరంలోని ఆగ్రహంలో న్యాయమైన భాగం ఒకటి ఉంది, దాన్ని దాటవేయను. ఎన్‌పీటీ మూలంలో ఒక బేరం. లేనివాళ్లు చేసుకోకూడదు, ఉన్నవాళ్లు ఇతరులకు ఇవ్వకూడదు, శాంతియుత అణువిద్యుత్తు అందరికీ హక్కు, ఆరో అధికరణం ప్రకారం ఉన్నవాళ్లు నిరాయుధీకరణ దిశగా చిత్తశుద్ధితో చర్చలు జరపాలి. 1980ల మధ్యలో 70,000 దాకా పెరిగిన వార్‌హెడ్లు (క్షిపణుల్లో, బాంబుల్లో ఉండే అణు పేలుడు భాగాలు) నేడు 12,000 చిల్లరకు తగ్గిన మాట నిజమే. కాని తమ భాగం తాము నెరవేర్చామని ఒప్పందం అణ్వాయుధ దేశాలుగా గుర్తించిన ఐదు పెద్ద దేశాలు – అమెరికా, రష్యా, బ్రిటన్, ఫ్రాన్స్, చైనా – గుండెమీద చేయివేసుకుని చెప్పలేవు.

ప్రశ్న: ఒక దేశం రహస్యంగా బాంబు తయారుచేస్తుంటే తనిఖీదారులు ఎలా కనిపెడతారు? సంతకం పెట్టి మోసం చేస్తే ఏం చేయగలరు?
– ఇంజినీరింగ్ విద్యార్థిని, కానూరు, విజయవాడ

జవాబు: చాలా మంచి ప్రశ్న వేశావమ్మా. ఒప్పందాల గురించి ఎంతో మాట్లాడతాం గాని, వాటిని అమలుచేసే పని ఎలా ఉంటుందో ఎవరూ చెప్పరు. కొంచెం వివరంగానే చెబుతాను.

ఈ పని వియన్నా కేంద్రంగా 1957లో ఏర్పడిన అంతర్జాతీయ అణుశక్తి సంస్థది. దాని లెక్క ప్రకారం ఒక బాంబుకు కావలసిన పదార్థం 8 కిలోల ప్లుటోనియం, లేదా బాగా శుద్ధిచేసిన యురేనియంలో 25 కిలోల యు-235 (యురేనియంలో బాంబుకు పనికివచ్చే రకం). ఆ పరిమాణం ఎక్కడా లెక్క తప్పిపోకుండా చూడటమే తనిఖీదారుల పని. ఇంధన కడ్డీలను నిల్వచేసే చోట కెమెరాలు బిగిస్తారు, కవాటాలకూ పీపాలకూ సీళ్లు వేస్తారు, తరువాత వచ్చినప్పుడు ఆ సీళ్లు చెక్కుచెదరలేదని నిర్ధారించుకుంటారు. అన్నిటికంటే పదునైన ఆయుధం మాత్రం చిన్న నూలు గుడ్డ. కర్మాగారంలో గోడనో, యంత్రం మీదనో, తలుపు పిడినో ఆ గుడ్డతో తుడిచి, సంచిలో మూసి ప్రయోగశాలకు పంపుతారు. యురేనియం, ప్లుటోనియం పనిచేసిన చోట కంటికి కనిపించని రేణువులు మిగిలిపోతాయి; ఎంత కడిగినా పూర్తిగా పోవు. ఆ రేణువులోని ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) నిష్పత్తిని బట్టి అక్కడ ఏ శాతం దాకా శుద్ధి జరిగిందో చెప్పవచ్చు.

1992లో ఉత్తర కొరియా బయటపడింది ఇలాగే. ఒకే ఒక్కసారి, అదీ కొద్ది గ్రాముల ప్లుటోనియం మాత్రమే వేరుచేశామని ఆ దేశం ప్రకటించింది. నమూనాలను పరీక్షిస్తే ఆ పని పలుమార్లు, వేర్వేరు కాలాల్లో జరిగిందని తేలింది.

శుద్ధి శాతాల వెనుక ఉన్న లెక్కను కూడా నువ్వు సులువుగా వేసుకోవచ్చు. గనిలోంచి తీసిన యురేనియంలో 1,000 పరమాణువులకు 7 మాత్రమే యు-235. తక్కినవన్నీ తీసివేయవలసినవి. ఆ ఏడింటినీ ఉంచుకుని 4 శాతానికి తేవాలంటే 825 పరమాణువులు తొలగించాలి, 175 మిగులుతాయి. 20 శాతానికి వచ్చేసరికి 35 మిగులుతాయి, 60 శాతానికి 12, బాంబుకు వాడే 90 శాతానికి 8. అంటే విద్యుత్తుకు పనికివచ్చే 4 శాతానికి చేరేసరికే పనిలో ఎక్కువ భాగం అయిపోతుంది. 60 నుంచి 90కి మిగిలిన దూరం చాలా కొద్ది. అందుకే ఒప్పందాల్లో ఒకటి రెండు శాతాల దగ్గర అంత గొడవ పడతారు.

మోసం జరగలేదా అంటే జరిగింది. సద్దాం హుస్సేన్ కాలంలో ఇరాక్ ఒప్పందంలో సభ్యదేశంగా ఉంటూనే రహస్య కార్యక్రమం నడిపింది. 1991 గల్ఫ్ యుద్ధం తరువాత అది బయటపడినప్పుడు తనిఖీ వ్యవస్థ ఎంత గుడ్డిదో అందరికీ తెలిసింది. ఎందుకంటే ప్రకటించిన కేంద్రాలను చూడటమే తప్ప, ప్రకటించని చోటికి వెళ్లే అధికారం ఆ వ్యవస్థకు లేనట్టే ఉండేది. ఆ లోపాన్ని సరిదిద్దడానికే 1997లో అదనపు ప్రోటోకాల్ వచ్చింది. దాన్ని ఒప్పుకున్న దేశం ఇంకా ఎక్కువ సమాచారం ఇవ్వాలి, స్వల్ప వ్యవధిలో అడిగినా తనిఖీదారులను అనుమతించాలి.

ఈ తనిఖీ మనకు దూరంగా ఎక్కడో జరిగే వ్యవహారం అనుకోవద్దు. తారాపూర్‌లో అమెరికా కట్టిన రెండు రియాక్టర్లకు విదేశీ శుద్ధ యురేనియంతో ఇంధనం తయారయ్యేది హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయంలోనే. ఆ విభాగం అంతర్జాతీయ తనిఖీ కింద ఉంది.

ప్రశ్న: ఆటోనగర్‌లో మాకు చిన్న లేత్ వర్క్‌షాపు ఉంది. గల్ఫ్‌లోని ఒక కంపెనీకి యంత్ర భాగాలు పంపబోతే, వాటిని చివరికి ఎవరు, దేనికి వాడతారో రాసివ్వమని అడిగారు. పంపు భాగాలకూ అణుబాంబుకూ సంబంధం ఏమిటండీ?
– వర్క్‌షాపు యజమాని, ఆటోనగర్, విజయవాడ

జవాబు: మీరు విసుగుతో అడిగారని తెలుస్తోంది, కాని ఈ సంచికకు వచ్చిన ప్రశ్నల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది మీదే. అణ్వాయుధ వ్యాప్తి ఇటీవలి దశాబ్దాల్లో జరిగింది పెద్దపెద్ద రియాక్టర్ల ద్వారా కంటే మీలాంటి వర్క్‌షాపుల్లో తయారయ్యే భాగాల ద్వారానే.

పాకిస్తానీ లోహశాస్త్రవేత్త అబ్దుల్ ఖదీర్ ఖాన్ 1970లలో నెదర్లాండ్స్‌లో యురేనియం శుద్ధి సంస్థకు పనిచేసే కంపెనీలో ఉద్యోగం చేస్తూ, సెంట్రిఫ్యూజ్ (యురేనియాన్ని మహావేగంతో తిప్పి శుద్ధిచేసే యంత్రం) నమూనాలను సంగ్రహించి 1975 చివర్లో స్వదేశానికి చేరాడు. ఆయనకు కావలసింది బాంబు ఇచ్చే దేశం కాదు. గట్టి ఉక్కు గొట్టాలు, వ్యాక్యూమ్ పంపులు, విద్యుత్ పౌనఃపున్యాన్ని మార్చే పరికరాలు, బేరింగులు అమ్మే వ్యాపారులు. యూరప్ నుంచి ఒక్కొక్కటిగా తెప్పించుకున్నాడు. ఆ తరువాత తానే అమ్మకందారు అయ్యాడు: ఇరాన్, లిబియా, ఉత్తర కొరియా ఆయన ఖాతాదారులు. లిబియా కోసం మలేసియాలోని ఒక కర్మాగారంలో వేలకొద్దీ సెంట్రిఫ్యూజ్ భాగాలు తయారై, దుబాయ్ మీదుగా ఓడలో వెళుతుండగా 2003 అక్టోబరులో ఇటలీ రేవులో పట్టుబడ్డాయి. అవి చమురు, గ్యాస్ పరిశ్రమకనే అనుకున్నామని ఆ కర్మాగారం చెప్పుకుంది. 2004 ఫిబ్రవరిలో ఖాన్ టీవీలో కనిపించి తప్పు ఒప్పుకున్నాడు.

ఆ తరువాతే, 2004 ఏప్రిల్‌లో భద్రతామండలి 1540వ నంబరు తీర్మానం చేసింది. ఇలాంటి వస్తువుల ఎగుమతిని నియంత్రించే చట్టం ప్రతి దేశానికీ ఉండాలని అది ఆదేశించింది. మన పార్లమెంటు 2005లో సామూహిక విధ్వంసక ఆయుధాలపై ప్రత్యేక చట్టం చేసింది. మామూలు పరిశ్రమకూ ఆయుధాలకూ రెండింటికీ పనికివచ్చే వస్తువుల జాబితాను మన దేశంలో స్కోమెట్ అంటారు. దాన్ని విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ ప్రకటిస్తుంది. మీరు పంపే భాగం ఆ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి; అందులో ఉంటే అనుమతి లేకుండా పంపకూడదు. కొనేవాడు తుది వినియోగదారు పేరు చెప్పకుండా తప్పించుకుంటున్నా, సాధారణ ధరకు మించి ఇస్తానన్నా, భాగం కొలతలు అతను చెప్పిన పనికి అవసరమైనదానికంటే మరీ సూక్ష్మంగా ఉన్నా అనుమానించాలి. ఆ ఫారం నింపడం శ్రమే. ఆర్డరు ఆలస్యమవుతుంది, చిన్న వ్యాపారికి అది నష్టం. కాని మీ చేతిలోని ఆ ఒక్క కాగితం మీద కనబరిచే నిజాయితీకి జెనీవాలో రాయబారి చేసే సంతకానికి తీసిపోని విలువ ఉందని నేను నమ్ముతున్నాను.

ప్రశ్న: అణుపరీక్షను భూమిలోపల రహస్యంగా జరపవచ్చా?
– ఇంటర్ విద్యార్థి, మంగళగిరి

జవాబు: ఇప్పుడు దాదాపు అసాధ్యం. 1996 నాటి సమగ్ర పరీక్షల నిషేధ ఒప్పందం ఇంకా అమల్లోకి రాకపోయినా, దానికోసం ప్రపంచమంతటా నెలకొల్పిన 300కు పైగా కేంద్రాలు భూకంప తరంగాలను, సముద్రంలోని ధ్వనులను, గాలిలోని రేడియోధార్మిక రేణువులను నిరంతరం నమోదు చేస్తున్నాయి. 2006లో ఉత్తర కొరియా జరిపిన మొదటి పరీక్ష చాలా చిన్నది, అయినా దొరికిపోయింది. 1998 తరువాత ఆ దేశం తప్ప మరెవరూ అణుపేలుడు జరిపినట్టు నమోదు కాలేదు. ఆ నిషేధ ఒప్పందంపై అమెరికా సంతకం చేసినా దాన్ని ఆమోదించలేదు, రష్యా 2023లో తన ఆమోదాన్ని వెనక్కి తీసుకుంది, మనం సంతకమే చేయలేదు.

ప్రశ్న: మనమే సంతకం చేయకుండా బాంబు తయారుచేసుకుని, ఇతరులకు ఒప్పందాల గొప్పతనం చెప్పడం తగునా? కెనడా ఇచ్చిన రియాక్టరును వాడుకున్నామన్న మాట నిజమేనా?
– న్యాయవాది, తెనాలి

జవాబు: నిజమే. 1974 మే 18న పోఖ్రాన్‌లో పేల్చిన పరికరానికి ప్లుటోనియం వచ్చింది ట్రాంబేలోని సైరస్ రియాక్టరు నుంచి. రియాక్టరు కెనడాది, అందులోని భారజలం (రియాక్టరు నడవడానికి వాడే ప్రత్యేక రకం నీరు) అమెరికాది, రెండూ శాంతియుత వినియోగం కోసమని ఇచ్చినవి. మన ప్రభుత్వం దాన్ని శాంతియుత పేలుడనే పిలిచింది. న్యాయవాదిగా మీకు తెలుసు, ఒప్పందంలో మాటలు వదులుగా ఉంటే ఎవరికి అనుకూలమైన అర్థం వారు తీసుకుంటారు. ఆ వదులును బిగించడానికే సరఫరా దేశాలు కూడి అణు సరఫరాదారుల బృందాన్ని ఏర్పరచుకున్నాయి. అంటే నేడు మనం సభ్యత్వం కోరుతున్న ఆ బృందం పుట్టుకకు కారణం మనమే.

ఆ తరువాత మనం అనుభవించిన ఇబ్బంది తక్కువేమీ కాదు. అమెరికా 1978లో తన చట్టం మార్చుకుని తారాపూర్ ఇంధనానికి మోకాలడ్డింది. 1982లో ఫ్రాన్స్ సరఫరాకు ముందుకు వచ్చింది. మన తెలుగువాడు పీవీ నరసింహారావు ప్రధానిగా ఉండగా, 1995 డిసెంబరులో పోఖ్రాన్‌లో పరీక్షకు సన్నాహాలు జరుగుతున్నట్టు అమెరికా ఉపగ్రహాలు పసిగట్టాయి, వాషింగ్టన్ నుంచి ఒత్తిడి వచ్చింది, పరీక్ష జరగలేదు. ఆ ఏడాది మేలోనే ఎన్‌పీటీని శాశ్వతంగా పొడిగించారు. ఐదుగురికి శాశ్వత హక్కు, తక్కినవారికి శాశ్వత నిషేధం అన్న ఆ ఏర్పాటును ఢిల్లీ జీర్ణించుకోలేకపోయింది. మరుసటి ఏడాది జెనీవాలో మన రాయబారి అరుంధతీ ఘోష్ సమగ్ర పరీక్షల నిషేధ ఒప్పందం మీద భారత్ సంతకం చేయదని నిర్ద్వంద్వంగా చెప్పారు.

నా అభిప్రాయం చెబుతాను. 1968లో ఆ ఒప్పందాన్ని తిరస్కరించడానికి మనకు కారణాలున్నాయి. పక్కన చైనా అప్పటికే నాలుగేళ్ల క్రితం బాంబు పేల్చింది, మనకు అణురక్షణ ఇస్తామన్నవారు లేరు. సంతకం పెట్టి మోసం చేయడం కంటే పెట్టనని ముఖంమీద చెప్పడం నిజాయితీ గల పని. కాని దాన్ని ఆధారం చేసుకుని, ఒప్పందాలన్నీ బూటకమని మనం ఊరేగకూడదు. బాంబు పాకిస్తాన్ దాకా వచ్చినప్పుడు, ఖాన్ వ్యాపారం ఇరాన్ దాకా, ఉత్తర కొరియా దాకా సాగినప్పుడు నష్టపోయినవారిలో మనమే ముందున్నాం.

2008 నాటి భారత్–అమెరికా పౌర అణు ఒప్పందం ఇంకో మార్గం చూపింది. మన రియాక్టర్లను పౌర, సైనిక భాగాలుగా విడదీశాం. 22 రియాక్టర్లలో 14ను అంతర్జాతీయ తనిఖీ కిందకు తెచ్చాం, దానికి బదులుగా సరఫరాదారుల బృందం మనకు మినహాయింపు ఇచ్చింది. కొవ్వాడలో అమెరికా రియాక్టర్లు పెట్టాలన్న ప్రతిపాదన అందులోంచి వచ్చినదే. దిగుమతి ఇంధనం తనిఖీ రియాక్టర్లకు సరిపోతే, కడప జిల్లా తుమ్మలపల్లె లాంటి గనుల నుంచి వచ్చే సొంత యురేనియం తనిఖీ లేని రియాక్టర్లకు మిగులుతుందన్న విమర్శ ఉంది. ఆ విమర్శ కొట్టిపారేయదగినది కాదు.

ప్రశ్న: ఉక్రెయిన్ తన దగ్గరున్న బాంబులు అప్పగించింది, దాడికి గురైంది. లిబియా కార్యక్రమం వదులుకుంది, గడాఫీ హతమయ్యాడు. ఇరాన్ ఒప్పందం చేసుకుంది, బాంబుదాడులు తప్పలేదు. ఉత్తర కొరియా ఒప్పందం తెంచుకుంది, దాని జోలికి ఎవరూ పోవడం లేదు. ఇవి చూశాక ఏ చిన్నదేశం సంతకం పెడుతుంది?
– పోటీ పరీక్షల అభ్యర్థి, పటమట, విజయవాడ

జవాబు: నాలుగు వాక్యాల్లో నా వాదానికి ఎదురయ్యే బలమైన అడ్డంకి అంతా పెట్టారు. తేలిక జవాబు నా దగ్గర లేదు. ఒక్కొక్కటి విడదీసి చూద్దాం.

సోవియట్ యూనియన్ విడిపోయినప్పుడు ఉక్రెయిన్ గడ్డమీద సుమారు 1,900 వ్యూహాత్మక వార్‌హెడ్లు ఉండిపోయాయి. వాటిని ప్రయోగించే సంకేతాలు మాస్కో చేతిలోనే ఉన్నాయి. 1994 డిసెంబరు 5న బుడాపెస్ట్‌లో రష్యా, అమెరికా, బ్రిటన్ ఒక పత్రంపై సంతకం చేసి, ఉక్రెయిన్ సరిహద్దులను గౌరవిస్తామని హామీ ఇచ్చాయి. 1996 నాటికి చివరి వార్‌హెడ్ రష్యాకు తరలిపోయింది. ఆ పత్రంలో హామీ ఉంది గాని, ఎవరైనా దాడిచేస్తే మేం సైన్యంతో వస్తామన్న మాట లేదు. 2014లో క్రిమియాను, 2022లో దేశం మొత్తాన్ని లక్ష్యంగా చేసుకున్నది సంతకం చేసినవారిలో ఒకరే. ఇది రాస్తుంటే నాకు కోపం ఆగదు. బాంబు వదులుకోమని రేపు మరో దేశాన్ని అడగబోయే ప్రతి రాయబారి ఎదుటా ఆ పత్రం ఉంటుంది. 2003 డిసెంబరులో లిబియా తీసుకున్న నిర్ణయానికి 2011లో పట్టిన గతి కూడా అలాంటిదే. లిబియా చేసిన పొరపాటు తాము చేయబోమని ఉత్తర కొరియా అప్పుడే బహిరంగంగా ప్రకటించింది.

ఇరాన్ సంగతి వేరు, ఇక్కడ మీ పోలికను సరిచేయాలి. 2015 జులై 14న వియన్నాలో కుదిరిన ఒప్పందం అమలై ఉన్నంతకాలం పనిచేసింది. శుద్ధి 3.67 శాతం మించకూడదన్నారు, నిల్వ 300 కిలోలకు దిగింది, మిగతా శుద్ధ యురేనియాన్ని ఓడకెక్కించి రష్యాకు పంపారు, ప్లుటోనియం ఇవ్వగల అరాక్ రియాక్టరు గర్భాన్ని సిమెంటు కాంక్రీటుతో నింపేశారు. ఇరాన్ మాటకు కట్టుబడి ఉందని తనిఖీదారులు నివేదిక మీద నివేదిక ఇచ్చారు. 2018 మే 8న ఒప్పందం నుంచి బయటకు నడిచింది అమెరికా. ఏడాది ఆగి, 2019 జులై నుంచి ఇరాన్ పరిమితులు దాటడం మొదలుపెట్టింది; 2021 ఏప్రిల్‌లో 60 శాతానికి చేరింది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, తరువాత అమెరికా దాడులు చేసేనాటికి ఆ దేశం దగ్గర 60 శాతం శుద్ధి అయిన యురేనియం సుమారు 440 కిలోలు ఉందని అణుశక్తి సంస్థ అంచనా. మరికొంత శుద్ధిచేస్తే దాదాపు పది బాంబులకు సరిపోయే నిల్వ అది. దాడుల తరువాత ఇరాన్ తనిఖీలకు సహకారం నిలిపివేసింది, ఆ నిల్వ ఎక్కడుందో స్వయంగా చూసి చెప్పగలవారు లేకుండా పోయారు. ఒప్పందం ఉన్నప్పుడు 300 కిలోలు, అదీ కెమెరాల కింద. ఒప్పందం తెగాక 60 శాతం సరుకు, తరువాత బాంబులు, ఆ పైన చీకటి. ఒప్పందం విఫలమైందని దీన్ని చూసి ఎలా అనగలం?

ఉత్తర కొరియా విషయంలోనూ ఇదే జరిగింది. 1994 అక్టోబరులో అమెరికాతో కుదిరిన అవగాహన ప్రకారం యోంగ్‌బ్యోన్ రియాక్టరు ఎనిమిదేళ్లు మూతపడి ఉంది, 8,000 ఇంధన కడ్డీలు తనిఖీదారుల కళ్లెదుటే ఉన్నాయి. ఆ కాలంలోనే ఖాన్ ద్వారా చాటుగా సెంట్రిఫ్యూజులు తెచ్చుకున్నందుకు ఉత్తర కొరియాను తప్పుపట్టాలి. దానికి బదులుగా ఇస్తామన్న విద్యుత్ రియాక్టర్ల నిర్మాణాన్ని ఏళ్ల తరబడి ఈడ్చినందుకు అమెరికానూ తప్పుపట్టాలి. 2002 చివర్లో అంతా కూలింది. 2003 జనవరిలో ఆ దేశం ఎన్‌పీటీ నుంచి వైదొలగుతున్నట్టు ప్రకటించింది, 2006 అక్టోబరు 9న బాంబు పేల్చింది.

ఏ చిన్నదేశం సంతకం పెడుతుందని అడిగారు. తన భద్రతకు మరో దారి కనిపించినంతకాలం పెడుతుంది. ఆ దారిని మూసేస్తున్నది దొంగచాటుగా మోసం చేసే చిన్నదేశాల కంటే, ఎన్నికలు మారగానే, అవసరం తీరగానే ఇచ్చిన మాట దాటే పెద్దదేశాలే ఎక్కువ. మీరు పరీక్షలో ఈ అంశం మీద రాసేటప్పుడు, తెగిపోయిన ప్రతి ఒప్పందం దగ్గరా ముందు ఎవరు తెంచారో, ఏ తేదీన తెంచారో రాయండి. ఆ తరువాత మీ తీర్పు రాయండి.

ప్రశ్న: భారత్, పాకిస్తాన్ మధ్య ఇలాంటి ఒప్పందం ఒక్కటైనా నిలిచిందా? మా అబ్బాయి సైన్యంలో ఉన్నాడు, అందుకని అడుగుతున్నాను.
– గృహిణి, సత్తెనపల్లి రోడ్డు, గుంటూరు

జవాబు: నిలిచిందమ్మా. 1988 డిసెంబరు 31న ఇస్లామాబాద్‌లో, ఒకరి అణుకేంద్రాలపై మరొకరు దాడి చేయకూడదని రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం ఏటా జనవరి 1న తమ అణుకేంద్రాల జాబితాను, అవి ఉన్న అక్షాంశ రేఖాంశాలతో సహా, ఢిల్లీలోనూ ఇస్లామాబాద్‌లోనూ ఒకేరోజున ఇచ్చిపుచ్చుకుంటారు. 1992లో మొదలైన ఈ ఆనవాయితీ కార్గిల్ యుద్ధం జరిగినా ఆగలేదు. 2001 డిసెంబరులో పార్లమెంటుపై దాడి జరిగి, రెండు సైన్యాలు సరిహద్దులో ఎదురెదురుగా నిలబడి ఉన్నప్పుడు కూడా కొత్త సంవత్సరం రోజున జాబితాలు చేతులు మారాయి. ముంబయి దాడుల తరువాతా మారాయి. ఆ జాబితా సంపూర్ణమా కాదా అన్న అనుమానం ఇరుపక్షాలకూ ఉండవచ్చు, కాని యుద్ధవేళలో అణుకేంద్రం మీద బాంబు పడకూడదన్న మాటను ఇద్దరూ నిలబెట్టుకుంటున్నారు.

బాలిస్టిక్ క్షిపణి (పైకి దూసుకెళ్లి వంపు తిరిగి లక్ష్యం మీద పడేది) పరీక్షకు ముందు ఒకరికొకరు తెలియజేసుకోవాలన్న ఒప్పందం 2005 అక్టోబరులో వచ్చింది. అందులో ఒక లోటు మిగిలిపోయింది: విమానంలా తక్కువ ఎత్తులో ఎగిరే క్రూయిజ్ క్షిపణులకు అది వర్తించదు. 2022 మార్చి 9న, నిర్ణీత పద్ధతులు పాటించకపోవడం వల్ల మన క్రూయిజ్ క్షిపణి ఒకటి పొరపాటున ఎగిరి పాకిస్తాన్‌లోని మియాన్ చన్నూ దగ్గర పడింది. అందులో వార్‌హెడ్ లేదు, ప్రాణనష్టం జరగలేదు, మన ప్రభుత్వం విచారం తెలిపింది, తరువాత ముగ్గురు వాయుసేన అధికారులను తొలగించారు. ఉద్రిక్తత లేని రోజుల్లో జరిగింది గనుక అక్కడితో పోయింది. అలాంటిది మీ అబ్బాయి సరిహద్దులో కాపలా ఉన్న ఉద్రిక్త వేళలో జరిగితే, ఎదుటివాడికి ఆలోచించుకోవడానికి దొరికేది కొద్ది నిమిషాలే. కాబట్టి 2005 నాటి ఆ ఒప్పందంలో క్రూయిజ్ క్షిపణులను చేర్చడం, పొరపాటు జరిగిన క్షణంలోనే ఫోనులో చెప్పే బాధ్యతను రెండు సైన్యాల మీదా రాతపూర్వకంగా పెట్టడం తక్షణం జరగవలసిన పనులు. సరిహద్దు సమస్యలు తీరేదాకా ఆగవలసిన అవసరం వీటికి లేదు. 1988లో కూడా ఆ సమస్యలేవీ తీరలేదు.